సొంత సర్వరులో మీడియావికీ: తరువాత మార్చుకోలేనివి ముందు తేల్చుకోండి

మీ ప్రశ్న ఇది: డెబియన్ 12 అనే లినక్స్ నడుస్తున్న, రెండు గిగాబైట్ల మెమరీ ఉన్న ఒక వర్చువల్ సర్వరులో, నలభై మంది కలిసి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తమ పని పత్రాలు రాసుకోవడానికి ఒక వికీ పెట్టాలనుకున్నారు. 2018 నాటి ఒక పాఠం చూసి, వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరైన మీడియావికీ 1.31ను దింపుకుని, అందులో చెప్పినట్టే అన్నీ చేశారు. బ్రౌజరులో తెరిస్తే తెల్లని పేజీ తప్ప ఏమీ రావడం లేదు. ఇక దీన్ని వదిలేసి డోకువికీ అనే మరో వికీ సాఫ్ట్‌వేరుకు మారిపోవాలా, లేక మీడియావికీతోనే కుస్తీ పట్టాలా అని అడిగారు. బయటివారు ఈ పత్రాలను చదవకూడదని కూడా చివర్లో ఒక్క మాటగా రాశారు. నిజానికి మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికన్నా బరువైన మాట అదే. దాని దగ్గరికి తరువాత వస్తాను.

తెల్లని పేజీలో మీ తప్పేమీ లేదు. మీడియావికీ పీహెచ్‌పీ అనే భాషలో రాసినది, డెబియన్ 12తో వచ్చేది పీహెచ్‌పీ 8.2. మీడియావికీ 1.31 విడుదలైన నాటికి పీహెచ్‌పీ 8 ఇంకా పుట్టనేలేదు కాబట్టి ఆ పాత కోడు కొత్త పీహెచ్‌పీ కింద గడప దాటక ముందే ఆగిపోతుంది. తప్పులను తెరమీద చూపవద్దన్న సెట్టింగు సర్వర్లలో మామూలుగా ఉంటుంది గనుక మీకు ఖాళీ పేజీ మిగిలింది. ఇలాంటప్పుడు బ్రౌజరును పదే పదే రిఫ్రెష్ చేయడం కన్నా వెబ్ సర్వరు ఎర్రర్ లాగ్‌లోని చివరి ఇరవై వరుసలు చదవడం మేలు. ఏ ఫైలులో ఏ వరుస దగ్గర పని ఆగిందో అక్కడ స్పష్టంగా రాసి ఉంటుంది. పాత వికీ కోసం పాత పీహెచ్‌పీని ఎక్కడినుంచో తెచ్చి పెట్టుకొమ్మని చెప్పేవారు ఉంటారు. ఆ మాట వినకండి. భద్రతా సవరణలు ఆగిపోయిన రెండు సాఫ్ట్‌వేర్లను ఒకే సర్వరులో పెట్టుకున్నట్టవుతుంది.

మీడియావికీకి ఏడాదికి రెండు మామూలు విడుదలలు వస్తాయి, వాటిలో ఒక్కోదానికి ఏడాది పాటే సవరణలు అందుతాయి. దాదాపు రెండేళ్లకొకసారి వచ్చే దీర్ఘకాలిక మద్దతు విడుదలకైతే మూడేళ్లు అందుతాయి. 2024 డిసెంబరులో వచ్చిన 1.43 ఈ రెండో రకానిది. దానికి పీహెచ్‌పీ 8.1 గానీ ఆపైది గానీ కావాలి, అంటే మీ సర్వరులో ఉన్నదానితో ఏ పేచీ లేకుండా నడుస్తుంది. వికీని నడపడమే మీ ఉద్యోగం కాదు కాబట్టి దీర్ఘకాలిక విడుదలల మీదనే ఉండండి, మధ్యలో వచ్చేవాటి జోలికి పోకండి.

ఇక డోకువికీ సంగతి. 2004లో ఆండ్రియాస్ గోర్ మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేరు మంచిది. డేటాబేసు లేకుండా ప్రతి పేజీని మామూలు టెక్స్ట్ ఫైలుగా దాస్తుంది కాబట్టి బ్యాకప్ అంటే ఒక ఫోల్డరును కాపీ చేయడమే. పేజీల గుంపు వారీగా ఎవరు చదవాలో, ఎవరు రాయాలో నిర్ణయించే ఏర్పాటు దానిలోనే ఉంది. మీడియావికీలో అది లేదు. మీడియావికీ వికీపీడియా కోసం పుట్టినది, అందరూ అన్నీ చదవవచ్చుననే ఊహ మీదే దాని కట్టడమంతా నిలిచింది. వికీ మొత్తాన్ని బయటివారికి మూసివేయడం దానిలో సులువే గానీ, లోపలివారిలో కొందరికి కొన్ని పేజీలు కనబడకుండా చేయడం నమ్మదగిన పని కాదు. అందుకోసం ఎక్స్‌టెన్షన్లు దొరుకుతాయి. అయినా శోధన ఫలితాల ద్వారానో, ఒక పేజీని మూసలాగా మరొక పేజీలోకి తెచ్చుకోవడం ద్వారానో సమాచారం బయటపడే సందులు మిగిలిపోతాయి. కాబట్టి మీ నలభై మందిలో ఒక విభాగం రాసినది మరొక విభాగం చూడకూడదన్న నియమం ఉంటే ఇప్పుడే డోకువికీ వైపు వెళ్లండి. అలా వెళ్లేటట్టయితే తెలుగువారు తెలుసుకోవలసిన చిక్కు ఒకటి ఉంది. అది పేజీ పేరుతోనే ఫైలు పేరు తయారుచేస్తుంది, పుట్టుకతో వచ్చే సెట్టింగులో ప్రతి తెలుగు సంకేతమూ (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక్కో సంకేతం) ఫైలు పేరులో తొమ్మిది అక్షరాల చోటు తింటుంది. లినక్స్ ఫైలు పేరుకు ఉన్న 255 బైట్ల హద్దులో, చివర చేరే ‘.txt’ను కూడా కలుపుకుంటే, 27 సంకేతాలకు మించి పట్టవు. ఫైలు పేర్లను నేరుగా, అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8లో రాయమని మొదటి పేజీ సృష్టించక ముందే మార్చుకోవాలి.

అలాంటి విభజన అవసరం లేకపోతే మీడియావికీనే ఎంచుకోండి. దిద్దుబాట్ల చరిత్ర, మూసలు, వర్గాలు, తెలుగు ఇంటర్‌ఫేసు, ఈ నాలుగూ కలిసి అంత పరిణతితో మరొక చోట నాకు కనబడలేదు. ఈ సమాధానంలో మిగిలినదంతా ఆ దారి గురించే.

సర్వరులో ఫైళ్లు పెట్టి, డేటాబేసు సృష్టించి, బ్రౌజరులో నాలుగు ప్రశ్నలకు జవాబులు చెప్పడం గంట పని. ఆ గంటలో ఆలోచించకుండా నొక్కిన మీటలే ఏళ్ల తరబడి వెంట వస్తాయి. అందుకే తరువాత మార్చడం కష్టమైనవాటితో మొదలుపెడతాను.

మొదటిది చిరునామా. సాఫ్ట్‌వేరు ఫైళ్లున్న ఫోల్డరు వేరు, చదివేవారికి కనిపించే పేజీ చిరునామా వేరు. వికీపీడియాలో ఫైళ్లు ‘డబ్ల్యూ’ అనే ఒంటి అక్షరపు దారిలో, పేజీలు ‘వికీ’ అనే దారిలో ఉండడం మీరు గమనించే ఉంటారు. మీరూ అలాగే చేయండి. ఫైళ్లను ‘వికీ’ అనే ఫోల్డరులో పెట్టి పేజీ చిరునామాకూ అదే పేరు వాడితే, ఒక పేజీని అడిగారా, ఒక ఫైలును అడిగారా అన్నది వెబ్ సర్వరుకు తెలియక వింత వింత తప్పులు వస్తాయి. నేను చూసిన చిరునామా చిక్కుల్లో సగం పైన దీనినుంచి పుట్టినవే. సెట్టింగుల ఫైలులో ‘స్క్రిప్ట్ పాత్’, ‘ఆర్టికల్ పాత్’ అనే రెండు వేరియబుళ్లు ఈ సంగతి చూస్తాయి. (మీడియావికీ సెట్టింగుల పేర్లన్నిటి ముందూ డాలరు గుర్తు, ఆ వెంటనే డబ్ల్యూ, జీ అక్షరాలు ఉంటాయి, చదవడానికి తేలికగా ఉండేందుకు వాటిని వదిలి రాస్తున్నాను.) పూర్తి డొమైన్ పేరును ‘సర్వర్’ అనే వేరియబుల్ చెబుతుంది. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌ను ఇన్‌స్టాలర్ నడపక ముందే తెచ్చుకుంటే అది మొదటినుంచీ సరైన రూపంలో పడుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు ఉచితం. వాటి గడువు 90 రోజులే కాబట్టి సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాము పెట్టిన టైమరు వాటిని తనంతట తాను పునరుద్ధరిస్తున్నదో లేదో మొదట్లోనే ఒకసారి పరీక్షించి చూడండి.

రెండవది వికీ పేరు. వికీ గురించిన పేజీలు ఉండే పేరుబరి (శీర్షిక ముందు ఒకే మాట పెట్టుకుని గుంపుగా ఉండే పేజీల విభాగం) పేరు దీనినుంచే పుడుతుంది. ఆరు నెలల తరువాత సంస్థ పేరు మారిందని వికీ పేరు మార్చితే ఆ పేరుబరిలోని లింకులన్నీ తెగిపోతాయి. ‘మెటా నేమ్‌స్పేస్’ అనే సెట్టింగులో ‘ప్రాజెక్టు’ వంటి తటస్థమైన మాటను విడిగా ఇచ్చేస్తే వికీ పేరును తరువాత ఎన్నిసార్లు మార్చుకున్నా ఇబ్బంది ఉండదు.

మూడవది భాష. ఇన్‌స్టాలర్ మొదటి తెరలో రెండు భాషలు అడుగుతుంది: ఒకటి ఇన్‌స్టాలేషన్ జరిగే భాష, రెండవది వికీ భాష. మొదటిది ఏదైనా ఫరవాలేదు. రెండవదానికి తెలుగు ఇస్తే పేరుబరులు వాడుకరి, మూస, వర్గం అని తెలుగులో వస్తాయి, వాటి ఇంగ్లీషు పేర్లు కూడా మారుపేర్లుగా పనిచేస్తూనే ఉంటాయి. ఇంగ్లీషు ఇచ్చి తరువాత తెలుగుకు మారితే, అప్పటికే తెలుగు పేరుబరి మాటతో మొదలయ్యే శీర్షికలున్న పేజీలు చేతికి అందకుండా పోయే ప్రమాదం ఉంది. సగం పత్రాలు తెలుగులో ఉంటాయన్నారు కాబట్టి తెలుగే ఇవ్వండి. ఇంగ్లీషు మెనూలు కావలసినవారు తమ అభిరుచుల పేజీలో మార్చుకుంటారు.

ఇక ఇన్‌స్టాలేషన్. వెబ్ సర్వరుగా అపాచీ, డేటాబేసుగా మరియాడీబీ, పీహెచ్‌పీ మూడూ డెబియన్ సొంత ప్యాకేజీలనుంచే పెట్టుకోండి. పీహెచ్‌పీతో పాటు ఎంబీస్ట్రింగ్, ఎక్స్ఎంఎల్, ఇంటెల్ (intl), మైఎస్‌క్యూఎల్, జీడీ, కర్ల్, ఏపీసీయూ ఎక్స్‌టెన్షన్లు కావాలి. తెలుగు పేజీలు వర్గంలో అక్షరక్రమంలో కుదరాలంటే ఇంటెల్ తప్పనిసరి. మీడియావికీని మాత్రం డెబియన్ ప్యాకేజీగా కాక, అధికారిక స్థలంనుంచి టార్ ఫైలుగా దించుకుని, దాని డిజిటల్ సంతకాన్ని సరిచూసి, విప్పుకోవాలని నా సలహా. అప్పుడు ఏ విడుదలకు ఎప్పుడు మారాలన్నది మీ చేతిలో ఉంటుంది. మరియాడీబీలో వికీకి ఒక డేటాబేసు, ఆ ఒక్క డేటాబేసు మీదనే హక్కులున్న ఒక వాడుకరి చాలు. సర్వాధికారాలున్న రూట్ ఖాతాను వికీకి ఇవ్వకండి. ఫైర్‌వాల్‌లో 80, 443, మీరు లోపలికి వచ్చే ఎస్ఎస్‌హెచ్ పోర్టు, ఇవి మాత్రమే తెరిచి ఉంచి, డేటాబేసు పోర్టు 3306ను బయటికి కనబడనీయకండి.

ఇన్‌స్టాలర్ చివర్లో ‘లోకల్ సెట్టింగ్స్’ అనే ఫైలును మీ కంప్యూటరులోకి దించుతుంది. దాన్ని సర్వరులో వికీ ఫోల్డరులో, ఉపఫోల్డర్లలో కాక అన్నిటికన్నా పై స్థాయిలో పెట్టాలి. అందులో డేటాబేసు పాస్‌వర్డు, రహస్య తాళపుమాట ఉంటాయి కాబట్టి యజమాని రూట్, గుంపు వెబ్ సర్వరుది, అనుమతి 640 (యజమాని చదివి రాయగలడు, గుంపు చదవగలదు, ఇతరులకు ఏ హక్కూ లేదు) ఉండాలి. మిగతా ఫైళ్లన్నిటికీ యజమాని రూటే ఉండాలి. వెబ్ సర్వరు రాయగలిగే చోటు బొమ్మల ఫోల్డరు ఒక్కటే కావాలి, కాష్ ఫోల్డరు వాడితే అది రెండోది. పాత పాఠాల్లో ఫోల్డరంతటికీ 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, ఇవ్వమని కనిపిస్తుంది. పని జరుగుతుంది, నిజమే. మీకే కాదు, చొరబడినవాడికి కూడా.

ఇంతకు ముందు వాయిదా వేసిన మాట దగ్గరికి ఇప్పుడు వస్తున్నాను. కొత్త మీడియావికీలో ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా ఖాతా తెరవవచ్చు, ఖాతా లేకుండానే రాయవచ్చు. ‘గ్రూప్ పర్మిషన్స్’ అనే సెట్టింగులో అందరినీ సూచించే నక్షత్రపు గుంపుకు చదవడం, రాయడం, ఖాతా తెరవడం ఈ మూడింటినీ లేదని రాయండి. అప్పుడు ఖాతాలు నిర్వాహకులే తెరిచి ఇవ్వాలి, ప్రవేశ పేజీ తప్ప మరేదీ బయటివారికి కనబడదు. స్పాము సమస్య కూడా దీనితోనే దాదాపు తీరిపోతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, అసలు లోపం ఇక్కడే మిగిలిపోతుంది. ఈ నియమాలు వికీ పేజీలకు వర్తిస్తాయి గానీ, ఎక్కించిన ఫైళ్లకు వర్తించవు. బొమ్మలను, పీడీఎఫ్‌లను వెబ్ సర్వరు మీడియావికీని అడగకుండా నేరుగా అందిస్తుంది, కాబట్టి చిరునామా తెలిసిన ఎవరైనా వాటిని తెరవగలరు. ఒక చోట నేను పని మీద వెళ్లి చూసేసరికి, లోపలికి రావాలంటే పాస్‌వర్డు అడిగే వికీ, జీతాల పట్టికల పీడీఎఫ్‌లను మాత్రం రెండేళ్లుగా ప్రపంచమంతటికీ తెరిచి ఉంచింది. ఎవరూ గమనించలేదు, ఎందుకంటే అందరూ లాగిన్ అయి ఉండగానే పరీక్షించారు. దీనికి మందు మీడియావికీతోనే వచ్చే ‘ఇమేజ్ ఆథ్’ స్క్రిప్టు. బొమ్మల ఫోల్డరును వెబ్ సర్వరుకు అందే చోటునుంచి బయటికి జరిపి, ‘అప్‌లోడ్ డైరెక్టరీ’ సెట్టింగుకు ఆ కొత్త చోటును, ‘అప్‌లోడ్ పాత్’కు ఈ స్క్రిప్టు చిరునామాను ఇస్తే, ప్రతి ఫైలూ చదివే హక్కు తనిఖీ అయ్యాకే బయటికి వస్తుంది. ఆ తరువాత ప్రైవేట్ విండోలో, లాగిన్ కాకుండా, ఒక పీడీఎఫ్ చిరునామాను అతికించి చూడండి. తెరుచుకోకూడదు.

దీనికి తోబుట్టువు లాంటి ఇంకో లోపం ఉంది. మెయింటెనెన్స్, కాష్ వంటి లోపలి ఫోల్డర్లను బయటివారు తెరవకుండా మీడియావికీ తన వంతుగా హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లు పెడుతుంది. ఎంజినెక్స్ అనే వెబ్ సర్వరు వాటిని అసలు చదవదు. అపాచీ చదువుతుంది కదా అని ధీమాగా ఉంటే, డెబియన్‌లో వెబ్ ఫోల్డరు కింద వాటిని పట్టించుకోవద్దన్న సెట్టింగు ముందే రాసి ఉంటుంది. కాబట్టి ఏ వెబ్ సర్వరైనా సరే, ఆ ఫోల్డర్లకు నిషేధం, బొమ్మల ఫోల్డరు వెబ్‌కు అందే చోటనే ఉంటే అందులో పీహెచ్‌పీ నడవకూడదన్న నియమం, రెండింటినీ సైటు కాన్ఫిగరేషన్‌లోనే మీ చేత్తో రాయండి.

తెలుగు విషయంలో కొన్ని మాటలు. డేటాబేసు అక్షరమాల గురించి పాత పాఠాలు భయపెడతాయి గానీ, నేటి మీడియావికీ పాఠాన్ని బైట్లుగానే దాస్తుంది కాబట్టి తెలుగు ప్రశ్నార్థకాలుగా మారే సమస్య తాజా ఇన్‌స్టాలేషన్‌లో రాదు. హద్దు మాత్రం ఒకటి ఉంది: పేజీ శీర్షిక 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి, అంటే 85 సంకేతాలు. మనం ఒక్క అక్షరంగా చూసే ‘స్త్రీ’ నిజానికి ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఎక్కించే ఫైలు పేరుకు హద్దు 240 బైట్లే. పొడుగాటి తెలుగు పేర్లతో పీడీఎఫ్‌లు పెట్టే అలవాటున్న బృందంలో ఈ హద్దు మొదటి వారంలోనే తగులుతుంది.

ఇంతకన్నా చిరాకు పెట్టేది, పొల్లు తరువాత చాలా కీబోర్డులు చేర్చే కనబడని విడదీత సంకేతం. ‘సర్వర్’ అనే మాట చివర ఆ సంకేతం ఉన్నా లేకపోయినా కంటికి ఒకేలా ఉంటుంది. మీడియావికీకి మాత్రం అవి రెండు వేర్వేరు శీర్షికలు. పేజీ ఉన్నా లింకు ఎర్రగా కనబడుతోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు దీన్నే అనుమానించండి. శీర్షికలు ఈ సంకేతంతో ముగియకూడదని మొదట్లోనే ఒక నియమం పెట్టుకుని, తప్పినవాటికి దారిమార్పు పేజీలు పెట్టుకుంటే చాలు.

వర్గాల్లో క్రమం సరిగా రావాలంటే ‘కేటగిరీ కొలేషన్’ సెట్టింగుకు యూనికోడ్ క్రమపు డిఫాల్టు విలువను ఇవ్వాలి. అప్పటికే పేజీలు ఉంటే ‘అప్‌డేట్ కొలేషన్’ స్క్రిప్టు నడపాలి. శోధన విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోకండి. సొంత శోధన మాటను ఉన్నది ఉన్నట్టు వెతుకుతుంది. ‘బ్యాకప్’ అని వెతికితే ‘బ్యాకప్‌లో’, ‘బ్యాకప్‌కు’ దొరకవు. మాట చివర నక్షత్రపు గుర్తు పెడితే దొరుకుతాయి, దీన్ని సహాయం పేజీలో రాసిపెట్టండి. ఎలాస్టిక్‌సెర్చ్ మీద నడిచే సిర్రస్‌సెర్చ్ ఇంతకన్నా ఎంతో మేలైనది గానీ, రెండు గిగాబైట్ల సర్వరులో దాన్ని కూడా నడపాలనుకోవడం ఒంటెద్దు బండికి రెండు బండ్ల బరువు ఎత్తడమే.

వేగానికి రెండు మార్పులు చాలు. ‘మెయిన్ కాష్ టైప్’కు తరచు కావలసిన సమాచారాన్ని మెమరీలో ఉంచే ఏపీసీయూను వాడే విలువను ఇవ్వండి. దాని డిఫాల్టు మెమరీ 32 మెగాబైట్లు. అది నిండిపోతే, పేజీ భద్రపరచబోయేటప్పుడు సెషన్ సమాచారం పోయిందన్న సందేశం అప్పుడప్పుడూ వస్తుంది. మెమరీని 128కి పెంచండి, లేదా సెషన్లను డేటాబేసులో దాచమనండి. రెండవది, వెనుక పేరుకునే పనుల వరుస. డిఫాల్టుగా ప్రతి పేజీ సందర్శనకూ ఒక పని జరుగుతుంది. ‘జాబ్ రన్ రేట్’ను సున్నా చేసి, కొన్ని నిమిషాలకొకసారి ‘రన్ జాబ్స్’ స్క్రిప్టును వెబ్ సర్వరు వాడుకరి పేరుతో క్రాన్ (నిర్ణీత సమయాలకు పనులు నడిపే లినక్స్ ఏర్పాటు) ద్వారా నడిపిస్తే పాఠకులకు ఆ బరువు తగలదు. పీహెచ్‌పీ ఎక్కింపు హద్దు మొదట్లో 2 మెగాబైట్లే ఉంటుంది. దాన్ని పెంచేటప్పుడు మొత్తం పోస్టు పరిమాణపు హద్దును కూడా పెంచాలి, లేకపోతే ఆ రెండో హద్దు దాటాక మొదటిది ఎంత పెంచినా ఫలితం ఉండదు. విజువల్ ఎడిటర్ 1.35 నుంచి మీడియావికీతోనే వస్తోంది. దానికోసం పార్సాయిడ్ అనే నోడ్ సర్వరును విడిగా నడపాలని మీ పాఠంలో ఉంటే ఆ అధ్యాయం మొత్తం దాటేయండి.

బ్యాకప్‌లో మూడు భాగాలు ఉండాలి: డేటాబేసు, బొమ్మల ఫోల్డరు, లోకల్ సెట్టింగ్స్ ఫైలు. డేటాబేసు డంపును ఒకే లావాదేవీగా తీసే ఆప్షన్‌తో తీస్తే వికీని ఆపనవసరం లేదు. మీడియావికీ ఇచ్చే ఎక్స్ఎంఎల్ డంపు చాలుననుకోకండి, అందులో ఖాతాలు, పాస్‌వర్డులు ఉండవు. బ్యాకప్ వేరే యంత్రానికి చేరాలి. నెలకొకసారి దాన్ని ఒక ఖాళీ వర్చువల్ యంత్రంలో విప్పి, ఒక పాత పేజీ చరిత్రను, ఒక పీడీఎఫ్‌ను తెరిచి చూడండి.

కొత్త విడుదలకు మారేటప్పుడు పాత ఫోల్డరు మీద కొత్త ఫైళ్లు పరచకండి. తొలగించవలసిన పాత ఫైళ్లు అక్కడే ఉండిపోయి, ఎక్కడా పొంతన లేని తప్పులు ఇస్తాయి. కొత్త ఫోల్డరులో విప్పి, లోకల్ సెట్టింగ్స్‌ను, విడిగా దించుకున్న ఎక్స్‌టెన్షన్ల కొత్త ప్రతులను అందులో చేర్చి, బ్యాకప్ తీసుకున్నాక, మెయింటెనెన్స్ ఫోల్డరులోని ‘రన్’ ద్వారా ‘అప్‌డేట్’ స్క్రిప్టు నడపండి. బొమ్మల ఫోల్డరును ముందే బయటికి జరిపారు కాబట్టి దాన్ని కదపనవసరం లేదు. ఒకేసారి ఎంత దూరం దూకవచ్చన్నదానికీ హద్దుంది: రెండు దీర్ఘకాలిక విడుదలల వెనుకనుంచి మాత్రమే నేరుగా రావచ్చు, అంటే 1.43కు 1.35 లేదా ఆ తరువాతివి. మీ 1.31లో ఇంకా ఒక్క పేజీ కూడా లేదు కాబట్టి మీకు ఆ మెట్లేవీ ఎక్కే పని లేదు. ఆ ఫోల్డరును, దాని డేటాబేసును తీసివేసి 1.43తో కొత్తగా మొదలుపెట్టండి. ఇన్‌స్టాలర్ పర్యావరణ తనిఖీ తెరలో ఎర్రగా ఏదైనా వస్తే ఆ వరుసను, ఎర్రర్ లాగ్‌లో అదే సమయానికి పడిన వరుసను ఇక్కడ పెట్టండి, చూస్తాను.